పెద్దచుట్టు

కొండలు నడిచేవాళ్ళమని చెప్పుకుంటూ ఈ మధ్య ఇద్దరు పిల్లలు మా ఇంటికి వచ్చారు. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. విశాఖపట్నంలో ఏవో ఉద్యోగాలు. చీలమండలు దాటి పైదాకా లేసులున్న బూట్లు విప్పుకోవడానికే అరుగు మీద చాలాసేపు పట్టింది వాళ్ళకి. ఎండుచేపలు అమ్ముకునే ఆడవాళ్ళు ఒకప్పుడు కొండల్లో తిరిగిన దారుల గురించి నేను పత్రికలో నాలుగు ముక్కలు రాశాననీ, అది చదివి వెతుక్కుంటూ వచ్చామనీ అన్నారు. మంచం మీద ఒక పటం పరిచారు. పాతపట్నం దగ్గర మొదలై, కొండల్లోకి ఎక్కి, వంకరలు తిరిగి, మళ్ళీ పాతపట్నంలోనే కలిసే ఎర్రగీత. "ఏడు రోజులు పడుతుంది మామ్మా. కొత్తవాళ్ళని తీసుకెళ్ళం. బాగా అలవాటున్నవాళ్ళకే" అంది ఆ అమ్మాయి. నీళ్ళెక్కడ దొరుకుతాయో చెప్పమంటే వేలు పెట్టి చూపించాను. యాభై ఏళ్ళు దాటినా ఊటలు ఉన్నచోటే ఉంటాయి. మూడో రాత్రి గుడారాలు వేసుకోవడానికి చదునైన నేల దొరికిందని అబ్బాయి సంబరంగా ఒక చుక్క చూపించాడు. అక్కడ ఎవరూ ఉండరట. పటంలో దానికి పేరు కూడా లేదు. అది రాయిగూడ. ఊరు ఊరంతా తర్వాతెప్పుడో కిందికి దిగిపోయిందని విన్నాను గానీ, పేరు కూడా చెరిగిపోయిందని తెలీదు. "మంచి చోటే. పడమటివేపు గోర్జిలో, ఆ కొండల సందులో, నీళ్ళుంటాయి" అని మాత్రం చెప్పాను. వాళ్ళకి చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

ఆ ఏడు రోజుల నడకని మా ఇంట్లో పెద్దచుట్టు అనేవారు. మా అత్త పోలమ్మ దానికి పెద్ద. మాది సముద్రం ఒడ్డు ఊరు. మగవాళ్ళు వేటకెళితే ఒడ్డున ఆడవాళ్ళ పని మొదలవుతుంది. వల దులిపిన చేపని ఇసుక మీద పరవడం, ఎండ మళ్ళినప్పుడల్లా తిరగేయడం, కాకుల్ని తోలడం, మంచు పడకుండా సాయంత్రానికి కుప్పచేసి తాటాకు కప్పడం. నెత్తళ్ళు రెండెండలకి గలగలమంటాయి. సావళ్ళకి నాలుగు కావాలి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆ వాసన అన్నంలోకీ, నిద్రలోకీ కూడా వచ్చేది. మా అత్త తెల్లవారకముందే లేచి, చుట్ట వెలిగించి, నిప్పువేపు నోట్లో పెట్టుకుని, అడ్డపొగ పీలుస్తూ చేపల కుప్పల మధ్య తిరిగేది. నోరు తెరిస్తే నాలిక మీద నిప్పు కనపడేది. మొదటిసారి చూసి నేను భయపడితే నవ్వింది. చిన్నప్పుడెప్పుడో పెద్దమ్మవారు, అంటే మశూచి, పోసి ఆవిడ మొహం నిండా గుంటలు పడ్డాయి. నవ్వితే ఆ గుంటలన్నీ ఒక్కసారి కదిలేవి. మాటలు తక్కువ. నడక మాత్రం ఊళ్ళో మగవాళ్ళకి కూడా అందేది కాదు.

ఫాల్గుణం వచ్చేసరికి తట్టలు కట్టేవాళ్ళం. అడుగున ఉప్పు, దాని మీద సావళ్ళు, పైన నెత్తళ్ళు, ఆ పైన తాటాకు. నరసన్నపేట దాకా బండి, పాతపట్నం దాకా బస్సు, అక్కణ్ణించి కాళ్ళు. మొదటి రాత్రి కొండ అడుగున మామిడితోపులో. రెండో రోజు ఎక్కి చింతమానుగూడలో పడక. మూడో రోజు మధ్యాహ్నం నడిమిగూడలో చెట్టుకింద తట్ట దించి అమ్ముకుని, పొద్దు వాలేసరికి రాయిగూడ. అక్కడ ఒక రోజు ఆగేవాళ్ళం. ఐదో రోజు అసలు కొండ. దాన్ని నోరుమూత ఎక్కుడు అనేవారు. అడుగు పక్కన అడుగు పట్టదు, ఒకవేపు లోయ, మాట్లాడితే ఊపిరి చాలదు. అది దాటితే గాలిగూడ. ఆరో రోజు ఏరు వెంబడి దిగి, రాతి మీద పడుకుని, ఏడో రోజుకి మళ్ళీ పాతపట్నం. ఎప్పుడూ అటునించి ఇటు తిరిగేవాళ్ళు కారు. ఆ ఎక్కుడు దగ్గరికి వచ్చేసరికి ఉప్పూ చేపా అయిపోయి తట్ట తేలికవ్వాలి. చింతపండూ పసుపూ పిప్పళ్ళూ దిగేటప్పుడు కట్టుకోవాలి. ఆ లెక్క మా అత్తకి వాళ్ళ అత్త నేర్పింది. ఒడ్డునున్న ఆడవాళ్ళలో ఆ చుట్టు పూర్తిగా తిరిగినవాళ్ళు ఏడెనిమిది మందికి మించి లేరు. చాలామంది చింతమానుగూడ నించే వెనక్కి వచ్చేసేవారు.

రెండేళ్ళు బతిమాలాక నన్ను తీసుకెళ్ళడానికి ఒప్పుకుంది. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. నా పెనిమిటి ఒడిశావేపు వేటకెళ్ళి నెలలు గడుస్తున్నాయి. చేపలు తిరగేస్తూ, పడమటివేపు నీలంగా కనపడే కొండల్ని చూస్తూ ఒడ్డున కూర్చోవడం నాకు విసుగెత్తిపోయింది. బయలుదేరేముందు అత్త ఒకే మాట అంది. "ఒలే నూకాలూ, జొరమున్నా, కాలికి దెబ్బున్నా ఇప్పుడే సెప్పీ. దారిలో పడిపోతే తట్టనెత్తుకోనా, నిన్నెత్తుకోనా."

"ఏటీ నేదత్తా" అన్నాను.

ఆ ముందు రోజు నించే నాకు ఒళ్ళు వెచ్చగా ఉంది. నడుం పీకేస్తోంది. పదీ పన్నెండు రోజుల కిందట మా వీధి చివర ఒకింట్లో అమ్మవారు పోసింది. గుమ్మానికి వేపమండలు కట్టారు. ఆ ఇంటావిడకి నీళ్ళు తెచ్చేవాళ్ళు లేకపోతే రెండు కుండలు నేను తెచ్చి లోపల దించాను. ఈ రెండింటికీ సంబంధం ఉందని నాకు తోచలేదు. తోచిందేమో కూడా, తెలీదు. ఇన్నేళ్ళ తర్వాత అది తేల్చుకోలేకపోతున్నాను. చెబితే ఉండిపోవాలి. ఉండిపోవడం నాకు ఇష్టం లేదు.

మేం ముగ్గురం. నేను, అత్త, మా వరసకి వదినయ్యే గౌరమ్మ. ఆవిడ భర్త సముద్రంలో పోయాడు. మా అత్తని చిన్నత్తా అని పిలిచేది. దారి పొడుగునా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేది. మొదటి రెండు రోజులూ జ్వరంతోనే నడిచాను. చింతమానుగూడలో ఒకరింట్లో పడుకున్నాం. మూడో రోజు పొద్దున్న జ్వరం కాస్త తగ్గి, మోచేతి పైన నాలుగు, కాలి మీద రెండు పొక్కులు కనపడ్డాయి. చెమటపొక్కులనుకున్నాను. రవిక చెయ్యి కిందికి లాక్కున్నాను. ఆ సాయంత్రం రాయిగూడ చేరాం.

రాయిగూడలో పదకొండు ఇళ్ళు. ఎర్రమట్టి గోడలు, గడ్డికప్పు, ఎదురెదురుగా రెండు వరసలు. మా అత్తకి అక్కడ గురువారి అనే నేస్తం ఉంది. ఊరికే స్నేహం కాదు. ముప్పై ఏళ్ళ కిందట ఇద్దరూ పసుపునీళ్ళు చల్లుకుని, చీరలు మార్చుకుని, ఊరందరి ముందూ నేస్తం కట్టుకున్నారు. ఆనాటి నించి ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోలేదు. మమ్మల్ని చూడగానే గురువారి చోడి అంబలి, అంటే రాగి జావ, పెద్ద సొరకాయ డొక్కుల్లో తెచ్చి ఇచ్చింది. ఆవిడ కూతురు సుక్రికి నా ఈడు. వాళ్ళ భాష నాకు రాదు గానీ, తెలుగు దానికి బాగానే వచ్చు. సముద్రం గురించి అడిగి అడిగి చంపింది. అది రాత్రిపూట కూడా అలాగే చప్పుడు చేస్తుందా, మరి మీకు నిద్రెలా పడుతుంది, అని. రెండు రాత్రులు దాని పక్కనే పడుకున్నాను. పొద్దున్న దాని తల నేను దువ్వాను, నా తల అది దువ్వింది. గాలిగూడలో ఒక రాత్రి గడిపి దిగొచ్చేశాం. ఇల్లు చేరేసరికి నా పొక్కులు ఎండి రాలిపోయాయి. పెద్దచుట్టు తిరిగొచ్చిన కోడలని ఊళ్ళో నాకు పేరొచ్చింది.

నెల తిరిగాక మళ్ళీ బయలుదేరాం. చైత్రం. ఈసారి ఒళ్ళు తేలిగ్గా ఉంది. మామిడితోపు నించి లేచి కొండ ఎక్కుతుంటే ముందు నడుస్తున్న గౌరమ్మ వదిన మాటిమాటికీ చేత్తో మొహం తుడుచుకోవడం చూశాను.

"సిన్నత్తా, దారికి అడ్డంగా సాలీడు గూళ్ళు సూసినావా. రెండ్రోజులై మనిసి నడిసినట్టు నేదు."

"సూసినాను. నడు" అంది అత్త.

ఇంకొంచెం పైకి వెళ్ళాక తియ్యటి వాసన కొట్టింది. ఇప్పచెట్ల కింద పువ్వు రాలి ఉంది. ఆ కాలంలో కొండవాళ్ళు చీకటితోనే బుట్టలు పట్టుకుని వచ్చి ఒక్క పువ్వు మిగలకుండా ఏరుకుపోతారు. ఎండబెట్టుకుంటే వానాకాలం తిండి అది. ఇక్కడ పువ్వు మీద పువ్వు రాలి, కిందిది నల్లబడి, పులిసి, ఈగలు ముసిరి ఉంది. అత్త వంగి ఒక గుప్పెడు తీసి వాసన చూసి పారేసింది. నోట్లో చుట్ట తీసి నేలకేసి నలిపింది. సగం చుట్ట పారెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

చింతమానుగూడ ఇంకా రాకముందే దారికి అడ్డంగా ముళ్ళకంప వేసి ఉంది. దాని మీద ఒక కొత్త కుండ బోర్లించి ఉంది. కంప అవతల, చాలా దూరంలో ఒక మనిషి చెట్టుకి ఆనుకుని కూర్చున్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు.

"రావొద్దు. అమ్మోరున్నాది. ఎనక్కి ఎలిపోండి."

"ఎన్ని ఇళ్ళల్లో?" అంది అత్త.

"అడక్కు. ఎలిపోండి."

అతని వెనక ఊళ్ళో పొగ లేదు. కుక్క మొరగలేదు. పసిపిల్ల ఏడుపు ఒకటి సన్నగా వినపడి ఆగిపోయింది. మేం ముగ్గురం ఊరి కిందనించి, దారి లేని చోట, తుప్పలు పట్టుకుని చుట్టూ తిరిగి పైదారిలో కలిశాం. అక్కడే వెనక్కి తిరగొచ్చు. గౌరమ్మ వదిన తిరుగుదామనే అంది. అత్త గురువారిని చూడకుండా దిగనంది.

మర్నాడు నడిమిగూడ చేరితే అక్కడ ఊరు మామూలుగా ఉంది. కోళ్ళు తిరుగుతున్నాయి. కానీ ఒక ఆడమనిషి ఎదురొచ్చి, దూరంగా చెయ్యి చాచి ఆపింది. ఉప్పు అక్కడ బండ మీద పెట్టేసి వెళ్ళమంది. రాయిగూడకి కూడా వచ్చిందట. ఎవరెవరికో ఆవిడకి తెలీదు. "అటు పొగ కనపడతాది గానీ మనుసులు కనపడ్డం నేదు" అంది.

ఆ బండ పక్కనే అత్త కూర్చుండిపోయింది. చాలాసేపు వేళ్ళు ముడుస్తూ విప్పుతూ ఏదో లెక్క వేసుకుంది.

"పోయిన నెల మనం పడుకున్న ఊళ్ళల్లో ఉన్నాది. పడుకోని ఊల్లో నేదు" అంది, ఎవరితోనో అన్నట్టు.

గౌరమ్మ వదిన నీళ్ళకి వెళ్ళినప్పుడు అత్త దగ్గరికి వెళ్ళాను. "అత్తా, నాకు జొరమొచ్చింది. సెప్పనేదు."

"ఎప్పుడు?"

"పోయినసారి. బయలెల్లిన కాణ్ణించి."

"సెయ్యి సూపించు."

రవిక చెయ్యి పైకి లాగాను. నాలుగు చోట్ల చర్మం తెల్లగా, కొంచెం లోపలికి దిగి ఉంది. అత్త వాటి మీద బొటనవేలు పెట్టి నొక్కింది. తర్వాత తన చెంప మీద అదే వేలు పెట్టుకుంది. తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది.

"నీకు టీకా ఏసినారా?"

"ఒకటో తరగతిలో."

"అందుకే సావనేదు." నా రవిక చెయ్యి కిందికి లాగింది. "ఇంక నీకు రాదు. నాకు రాదు. మనం ఎల్లొచ్చు. ఈ మాట మాత్రం నీ నోట రాకూడదు. పైన నాను మాటాడతాను."

గౌరమ్మ వదినకి నిరుడు టీకా వేశారు. అయినా అత్త ఆవిణ్ణి వెంటనే వెనక్కి పంపింది. పాతపట్నం వెళ్ళి, టీకాలు వేసే ఆయన్ని ఎలాగైనా తీసుకురమ్మంది. రానంటే కాళ్ళు పట్టుకోమంది. మాటకారి వదిన ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా తట్ట అక్కడే దించేసి, దిగువకి బేగి బేగి నడిచి వెళ్ళిపోయింది.

రాయిగూడ ముందు కూడా కంప ఉంది. అత్త దాన్ని పక్కకి లాగలేదు. చీర మోకాళ్ళ పైకి దోపుకుని దాటింది. నేనూ దాటాను. లోపల ఎవరూ ఆపలేదు. ఆపే శక్తి ఉన్నవాళ్ళు ఊరి చివర ఒక గుడిసె ముందు కూర్చుని ఉన్నారు. ఐదుగురు మగవాళ్ళు, మాట్లాడుకోకుండా, గుడిసె తలుపువేపే చూస్తూ. అది సోంబారి అనే ముసలిదాని ఇల్లు. పిల్లాపాపా లేరు. ఆకులూ వేళ్ళూ నూరి మందిచ్చేది. ఒకడి ఒళ్ళో గొడ్డలి ఉంది. వాళ్ళు అలా రెండు రోజులుగా కూర్చున్నారని తర్వాత తెలిసింది.

సుక్రి గుమ్మం బయట ఎండలో కూర్చుని ఉంది. మొదట గుర్తుపట్టలేదు. మొహం అంతా నల్లటి చెక్కులు. జుట్టు తీసేశారు. అది నన్ను చూసి నవ్వలేదు, ఏడవలేదు. లోపలికి చెయ్యి చూపించింది. లోపల గురువారి పడుకుని ఉంది. సుక్రికి తగ్గుముఖం పట్టాక తల్లికి వచ్చిందట. ఆ గదిలో వాసన గురించి రాయను. రోజూ చేపల మధ్య బతికేదాన్ని, నేనే బయటికి పరుగెత్తాను. అత్త మాత్రం లోపల కూర్చుని, తన పైట చెంగు తడిపి గురువారి పెదాల మీద పెట్టింది. "నేస్తం, నాను" అంది. గురువారి కళ్ళు తెరవలేకపోయింది. చెయ్యి మాత్రం కదిలించి అత్త మొహం తడిమింది. ఆ గుంటలు తగిలాక చెయ్యి దించింది.

నాలుగు రోజులు అక్కడున్నాం. ఆరిళ్ళలో జబ్బు. నీళ్ళు మోసేవాళ్ళు లేరు, గంజి కాచేవాళ్ళు లేరు. తెల్లవారిన దగ్గర్నించీ గోర్జి నించి నీళ్ళు మోశాను. మేం తెచ్చిన ఉప్పంతా గంజిలో అయిపోయింది. ప్రతి ఇంట్లోనూ నన్ను చూసి దండం పెట్టారు. ఆ దండాలు పెట్టించుకుంటూ నేను గుమ్మాలు దాటాను. సుక్రి మాత్రం దండం పెట్టలేదు. నేను నీళ్ళిస్తే తాగేది. నేను అటు తిరిగినప్పుడు నా చేతులవేపు చూసేది. మూడో రోజు ఒక మగపిల్లాడు పోయాడు. నాలుగో రోజు పొద్దున్న గురువారి పోయింది. గొడ్డలి పట్టుకున్నవాడు సుక్రి అన్న. తల్లిని మోసుకెళ్ళి వచ్చి, స్నానం కూడా చెయ్యకుండా మళ్ళీ సోంబారి గుడిసె ముందు నిలబడ్డాడు. ఈసారి కూర్చోలేదు.

ఆ మధ్యాహ్నమే టీకాల ఆయన, గౌరమ్మ వదినా చేరారు. సన్నటి మనిషి. బూడిదరంగు చొక్కా చెమటకి ఒంటికి అంటుకుపోయింది. ఒక రేకు డబ్బా మెడలో వేలాడుతోంది. అరికాళ్ళు పగిలి నెత్తురొస్తోంది. వచ్చీ రాగానే ఊరివాళ్ళని పిలిచాడు. ఎవరూ ముందుకి రాలేదు. ఇది సూదితో పోదు, చిల్లంగీ చేతబడీ చేసినదాన్ని బయటికి లాగితే పోతుందన్నాడు సుక్రి అన్న. తలుపు వెనక ముసలిది దగ్గుతోంది.

ఊరి పెద్ద మా అత్త దగ్గరికి వచ్చాడు. ఆయనకీ ఇంట్లో ఇద్దరు పడుకుని ఉన్నారు. "పోలమ్మా, నువ్వు ముప్పై ఏళ్ళ నేస్తానివి. మా పీనిగిని కడిగినావు. నువ్వు సెప్పు. ఇది ఎక్కణ్ణించి వచ్చినాది?"

అత్త నావేపు చూడలేదు. పసుపు చేతులు చీరకి తుడుచుకుంది.

"నా తట్టలో వచ్చినాది" అంది. "మా ఊల్లో అమ్మోరున్నాది. తెలిసే బయలెల్లినాను. నా బట్టల్లోనో, నా తట్టలోనో పట్టుకొచ్చినాను. ఆ ముసిల్దానికేటీ తెల్దు. దాన్ని ఒగ్గీండి."

నేను ఆవిడకి రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. రవిక చెయ్యి పైకి లాగితే చాలు. గొడ్డలి నాకు కనపడుతోంది. నా మొగుడు ఇంకా తిరిగి రాలేదు, నాకు పంతొమ్మిదేళ్ళు, నేను ఇంటికి వెళ్ళాలి, అని మాత్రం అనుకున్నాను. సుక్రి గుమ్మంలో కూర్చుని నన్నే చూస్తోంది. నేను నేలవేపు చూశాను.

సుక్రి అన్న అత్త ముందుకి వచ్చి, గొడ్డలి నేల మీద పడేసి వెళ్ళిపోయాడు. ఊరి పెద్ద అన్నాడు. "నువ్వు మా మనిసివి కాబట్టి ప్రాణం తియ్యం. ఇంక ఈ కొండ మీద నీ కాలు పడకూడదు. ఏ ఊరూ నీకు నీళ్ళియ్యదు." అత్త తలూపింది. ఆ తర్వాత సోంబారి తలుపు తీసుకుని, వెలుగుకి కళ్ళు చికిలించుకుంటూ వచ్చి, టీకాల ఆయన ముందు ఎండుకట్టె లాంటి చెయ్యి చాపింది. మొదటి టీకా దానికే వేశాడు. అది చూసి ఒక్కొక్కరూ వచ్చారు.

గాలిగూడకి దారి చూపించడానికి మాత్రం అత్తకి సెలవిచ్చారు. ఆ ఎక్కుడు టీకాల ఆయన చేతులతో పాకుతూ ఎక్కాడు. అత్త ఆయన రేకు డబ్బా తన తల మీద పెట్టుకుంది. అక్కడ అప్పటికి రెండిళ్ళలోనే ఉంది. మిగిలినవాళ్ళకి అందింది. ఇద్దరు పోయారు. రాయిగూడలో ఏడుగురు. చింతమానుగూడలో ఎంతమందో నాకు ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ తర్వాత అత్త మళ్ళీ కొండెక్కలేదు. మరుసటేడు నించి పెద్దచుట్టు నేనూ గౌరమ్మ వదినా తిరిగాం. నా తట్ట అత్తే కట్టేది. అడుగున ఉప్పు, పైన సావళ్ళు, ఆ పైన నెత్తళ్ళు, తాటాకు. తిరిగొచ్చాక అంబలి ఇచ్చి అడిగేది. గోర్జిలో నీళ్ళున్నాయా, ఇప్పపువ్వు ఏరుతున్నారా, ఎక్కుడు దగ్గర బండ జారిందా, అని. రాయిగూడలో మనుషుల గురించి ఒక్కసారీ అడగలేదు. వానలు వెలిసిన పొద్దుల్లో కొండలు దగ్గరగా కనపడతాయి. అప్పుడు సముద్రానికి వీపు పెట్టి, అడ్డపొగ పీలుస్తూ కూర్చునేది. నేను పక్కనించి నడిచి వెళ్ళేదాన్ని. ఆవిడ బతికున్న మూడేళ్ళూ మా మధ్య ఆ మాట రాలేదు. చివర్లో ఆయాసం పట్టింది. అంత నడక నడిచిన మనిషి మంచం నించి గుమ్మం దాకా రావడానికి రెండుచోట్ల ఆగేది.

నేను తర్వాత రాత్రిబడిలో చదువుకున్నాను, బాలవాడి టీచరునయ్యాను, నాలుగు కథలు రాశాను. ఆ జబ్బు లోకంలోనే లేకుండా పోయింది. మా మనవల భుజాల మీద ఆ టీకా మచ్చ లేదు. అదేమిటని నా భుజం పట్టుకుని అడుగుతారు. ఇప్పుడు కొండలకి వెళ్ళే పిల్లలు వీపు మీద తిండీ, నీళ్ళూ, పక్కా అన్నీ తామే మోసుకెళతారు. ఎవరింటి గుమ్మమూ తొక్కక్కర్లేదు. మాకలా కుదిరేది కాదు. పొద్దు వాలితే ఒకరి ఇల్లు కావాలి, ఒకరి అంబలి కావాలి, ఒకరి పక్కన చోటు కావాలి. ఏది మేలో నేను చెప్పలేను. మమ్మల్ని లోపలికి రానిచ్చినవాళ్ళే పోయారు.

అత్త పోయిన నెలకి రాయిగూడ వెళ్ళాను. సుక్రికి అప్పటికి పెళ్ళయి, చంకలో పిల్ల ఉంది. మొహం నిండా గుంటలు. అచ్చం అత్త మొహంలా ఉందనిపించి తల తిప్పుకున్నాను. గుమ్మంలో తట్ట దించి, నిలబడే చెప్పేశాను. "సుక్రీ, అమ్మోర్ని మా అత్త తేనేదు. నాను తెచ్చినాను. నాకే జొరముండేది."

అది పిల్లని ఆ చంక నించి ఈ చంకకి మార్చుకుంది.

"తెలుసు" అంది. "ఆ రాత్రి నీ ఒళ్ళు ఎచ్చగా ఉన్నాది. పొద్దున్న తల దువ్వినప్పుడు నీ సేతి మీద సూసినాను. ఏటో అనుకున్నాను. నాకు లేసినాక తెలిసింది, అవేటో."

"మరి ఎందుకు సెప్పనేదు? మా అత్తని అందరూ అలాగంటంటే ఎందుకూరుకున్నావు?"

"నువ్వూరుకున్నావు కదా" అంది సుక్రి. "ఆరోజు మా అన్న సేతిలో గొడ్డలున్నాది. అందుకూరుకున్నావనుకున్నాను. మరుసటేడు వచ్చినావు, సెప్తావనుకున్నాను. ఆ పైయేడు వచ్చినావు. ప్రతి ఏడూ నువ్వు తట్ట దించినప్పుడల్లా సూసినాను. ఈరోజు సెప్పినావు. పద, ఊరి పెద్దకి సెప్పీసి, మీ అత్తని తీసుకురా. మా యమ్మని పెట్టిన సోటు నాను సూపిస్తాను ముసిల్దానికి."

అత్త పోయిందని దానికి తెలీదు. దించిన తట్ట పక్కన కూర్చుని, పోయి నెలైందని చెప్పాను.